గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషాకృషి: ఒక పరిశీలనము

ఆగస్టు 29వ తేదీ వచ్చినప్పుడెల్ల మన తెలుగు సంఘములలో గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారి పటమునకు పూలమాల వేయుదురు. ఒకరు లేచి, వారు వ్యావహారిక భాషోద్యమ పితామహులనియు, వారి జన్మదినమే తెలుగు భాషాదినోత్సవమనియు చెప్పుదురు. మఱియొకరు లేచి ఆ మాటనే మఱికొంచెము గట్టిగా చెప్పుదురు. చివరకు, ఫలహారము పంచుటకు ముందు, ఎవరో ఒకరు వారు సవరభాషకును వ్యాకరణము వ్రాసిరని చేర్చి కూర్చుందురు. ఇట్టి సభలలో ముప్పది యేండ్లకు పైగా వెనుక వరుసలో కూర్చున్న మాకు ఈ చెప్పుటలో ముందుది వెనుకకును, వెనుకది ముందునకును వచ్చినదని చిరకాలముగా అనుమానము. సవరభాష పంతులుగారి జీవితమున ఒక అనుబంధము కాదు; వారి తెలుగు వాదమునకు వేరు అచ్చటనే యున్నదని మా తలంపు. గంజాములో స్థిరపడిన తెలుగు కుటుంబములవారికి ఈ సంగతి ఇతరులకంటె ఎక్కువగా పట్టవలసినది. ఏలన, ఆ వేరు నాటుకొన్నది ఈ నేలలోనే.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా తీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. ఆనాడది గంజాము జిల్లా. బాల్యముననే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషను ప్యాసైరి. గురజాడ అప్పారావుగారు అచ్చట వారికి సహాధ్యాయులు. మఱుసటి సంవత్సరమున నెలకు ముప్పది రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా చేరిరి. మెట్రిక్యులేషనుతో మేమును ఉద్యోగమున చేరినవారమే. కాని మేము మెట్రిక్యులేషనుతోనే పదవీవిరమణమును పొందితిమి. పంతులుగారు పాఠములు చెప్పుకొనుచునే ప్రైవేటుగా చదివి ఎఫ్. ఏ., బి. ఏ. పరీక్షలు కూడ నెగ్గిరి. అంతటితో ఆగక, ముఖలింగ దేవాలయమందలి శాసనముల యెదుట కూర్చుండి, ప్రాచీన లిపులను ఎవరి సాయమును లేక స్వయముగా నేర్చుకొని, గాంగరాజుల చరిత్రను చదివిరి. రాతిమీద నున్నది ఉన్నట్లు చదువవలెను గాని ఉండవలసినట్లు చదువరాదను పాఠము వారికి మొదట అచ్చటనే అబ్బియుండును.

పర్లాకిమిడికి చుట్టును కొండలు, కొండలలో సవరలు. సంతకు దిగివచ్చి, చింతపండో చీపుళ్ళో అమ్ముకొని, చీకటి పడకముందే తిరిగి కొండనెక్కిపోవు ఆ జనులను పట్టణమువారు నిత్యమును చూచుచునేయుండిరి. చూచుట వేఱు, వినుట వేఱు. వారి మాటను ఒక భాషగా విన్న తెలుగు ఉపాధ్యాయుడు పంతులుగారే. సవరయును తెలుగును ఎఱిగిన ఒక మనుష్యుని తమ యింటనే ఉంచుకొని వారు ఆ భాషను నేర్చుకొనిరి. పిదప అడవులలో కాలినడకన తిరిగి, ఊరూరను విని, పదములను, కథలను, పాటలను సేకరించిరి. ఆ సంచారములలో మన్యపు జ్వరము పట్టుకొన్నది. జ్వరమునకు క్వినైను పుచ్చుకొనగా జ్వరము పోయి చెవుడు మిగిలినది. వినుటయే తమ శాస్త్రముగా చేసికొన్న పండితునకు చెవులు పోవుటకంటె పెద్ద నష్టమేమి యుండును? అయినను పని ఆగలేదు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పుటకు వాచకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టిరి. మద్రాసు ప్రభుత్వమువారు పారితోషికమీయబోగా, తమకు వలదనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడనియు కోరిరి. 1913లో రావుసాహెబు బిరుదమును, తరువాతి కాలమున కైజర్-ఇ-హింద్ పతకమును వచ్చినవి. సుమారు ముప్పదియేండ్ల శ్రమకు ఫలముగా 1931లో ఆంగ్లమున వ్రాసిన సవర వ్యాకరణమును, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువును మద్రాసు ప్రభుత్వమే అచ్చువేయించెను. నేటికిని ముండా భాషలపై పనిచేయు శాస్త్రజ్ఞులెవరైనను ఆ గ్రంథములను దాటి పోజాలరు.

ఆ భాష స్వభావమెట్టిదో తెలిసిననే గాని ఆ శ్రమ యేపాటిదో తెలియదు. సవర మన తెలుగువలె ద్రావిడభాషయు గాదు, ఒడియావలె ఆర్యభాషయు గాదు. అది ముండా శాఖకు చెందినది. దాని దూరపు చుట్టములు కాంబోడియాలోను, వియత్నాములోను ఉన్నవి. గొంతుకలో పట్టి విడుచు ధ్వని యొకటి అందు కలదు. మన అక్షరమాలలో దానికి గుర్తు లేదు. అన్నిటికంటె వింత, కర్తనో కర్మనో క్రియ తనలోనికి లాగికొనును. పులి నిన్ను పట్టునని చెప్పుటకు మనకు మూడు మాటలు కావలెను. సవర దానిని "ఞమ్‌కిడ్‌తమ్" అని ఒకే మాటలో చెప్పును: మొదట పట్టుట, నడుమ పులి, కడపట నీవు. పులికి విడిగా చెప్పునపుడు ఒక రూపము. క్రియలో దూర్చునపుడు పొట్టియైన వేఱొక రూపము. పాణినీయమును, బాలవ్యాకరణమును, ఆంగ్ల వ్యాకరణమును ముందు పెట్టుకొని కూర్చున్న వానికి ఇట్టి మాట అంతుపట్టదు. దానిని విప్పుటకు ఒకటే మార్గము: మాటలాడువాని యెదుట కూర్చుండి, అతడు సరియన్నది సరి, కాదన్నది కాదని ఒప్పుకొనుట. బి. ఏ. ప్యాసైన ఉపాధ్యాయుడు అక్షరము రాని సవర యెదుట శిష్యుడై కూర్చుండవలెను. పంతులుగారట్లు ఏండ్ల తరబడి కూర్చుండిరి.

ఇక కాలక్రమమును చూడుడు. తెలుగుబడులలోని వాచకభాషనుగూర్చి పాఠశాలల పరీక్షాధికారి జె. ఏ. యేట్సు దొరగారు ప్రశ్నలు లేవదీసి, గురజాడవారితోను, పి. టి. శ్రీనివాస అయ్యంగారితోను పంతులుగారు ఆ చర్చలో దిగుట 1907 ప్రాంతపు మాట. అప్పటికే వారు సవరలో చిరకాలముగా తలమున్కలై యుండిరి. మాటలాడువాడే ప్రమాణమని కొండలలో నేర్చుకొని దిగివచ్చిన మనుష్యునకు, పల్లపు బడిలో తెలుగు పిల్లవాడు ఇంట ఆడు ప్రతి మాటయు తప్పని చెప్పబడుచుండుట ఎట్లు తోచియుండును? సవర పిల్లవానికి సవరలో చదువు చెప్పవలెనన్న న్యాయమే తెలుగు పిల్లవానికిని చెల్లవలెనుగదా! వారి తెలుగు వాదమంతయు ఈ యొక్క ప్రశ్ననుండి పుట్టినదని మేము నమ్ముచున్నాము.

పిదప జరిగిన యుద్ధమును చదువరులెఱుగుదురు గనుక క్లుప్తముగా చెప్పెదము. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును ఆధునిక భాషలో వ్రాయవచ్చునని వచ్చిన ఉత్తరువు, ఆంధ్ర సాహిత్య పరిషత్తువారి ప్రతిఘటనముచే కొలది కాలమునకే వెనుకకు పోయినది. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. మఱుసటి యేడే గతించిరి. 1919లో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము వెలసినపుడు, జీవితమంతయు గ్రాంథికమున వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే దానికి అధ్యక్షులైరి. ఆ యేడే పంతులుగారు "తెలుగు" అను పత్రికను నడపిరి. "బాలకవి శరణ్యము"లోను, "ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము"లోను, వ్యాకరణము పేరు చెప్పి ఇతరులను దండించు పండితులు తామే ఆ వ్యాకరణమును ఎచ్చటెచ్చట దాటిరో ఎత్తిచూపిరి. ఈ రెండు గ్రంథములను చదువునపుడు మాకు ఆనందమును విసుగును కూడ కలుగును. పంతులుగారి చేతికి ఆయుధములెన్ని యున్నవో చూచి ఆనందము. ఒక్క దెబ్బకు పడినవానిని పది దెబ్బలు కొట్టుట చూచి విసుగు. ప్రతిపక్షమున నిలిచిన జయంతి రామయ్య పంతులుగారు సామాన్యులు కారు. శాసనములను పరిష్కరించినవారు, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పూనుకొన్నవారు. ఇరువురును అవే రాళ్ళను చదివిరి. ఒకరికందు మాఱుచున్న భాష కనబడినది, ఒకరికి కాపాడవలసిన భాష కనబడినది. రామయ్యగారి భయము వట్టిది కాదు. ప్రతి సీమవాడును తన మాటనే వ్రాసినచో తెలుగువారికి ఉమ్మడి భాష మిగులదని వారనిరి. దానికి పంతులుగారిచ్చిన సమాధానము శిష్టవ్యావహారికము. అనగా చదువుకొన్నవారి నోటనున్న భాష.

ఇచ్చటనే మా ఆక్షేపణ యున్నది. సవరలలో శిష్టుడెవడు? అచ్చట పంతులుగారు ఎవడు మాటలాడిన వానినే ప్రమాణముగా గైకొనిరి. తెలుగునకు వచ్చునప్పటికి ప్రమాణము నాలుగు మెట్లు పైకెక్కి, చదువుకొన్నవాని పెదవులమీద కూర్చున్నది. దాని ఫలముగా పుస్తకములలోను, పత్రికలలోను నిలిచిన వ్యావహారికము మధ్యకోస్తావారి మాటకు దగ్గఱయైనది. పంతులుగారు పుట్టిన సీమ మాట, మన మాట, పుస్తకమునకు వెలుపలనే మిగిలినది. కథలలో నవ్వించు పాత్రకు మాత్రము అది పనికివచ్చినది. ఇది వారు కోరినది కాకపోవచ్చును. కాని ఉమ్మడి భాషను కట్టువాడు దేనినో ఒకదానిని విడువక తప్పదు.

ఇట్టిదే మఱియొక కథ ఐరోపాలో జరిగినది. క్రొయేషియా దేశమున ల్యుదెవిత్ గాయ్ అను పండితుడు 1830లో ఒక చిన్న పొత్తము ప్రకటించి, ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తుండవలెనని లిపిని సంస్కరించెను. కొన్ని మార్పులతో ఆ లిపినే నేటికిని అచ్చటివారు వాడుచున్నారు. 1835లో వార్తాపత్రికను ఆరంభించి దేశమున భాషాభిమానమును రగిల్చెను. అతడు పుట్టిన సీమ మాండలికము వేఱు. అందు శతాబ్దములుగా పుస్తకములు కూడ నుండెను. అయినను దక్షిణ స్లావులలో ఎక్కువమందికి తెలియునని వేఱొక మాండలికమును గ్రంథభాషగా ఎన్నుకొని, తన తల్లి మాటను ఇంటికి విడిచిపెట్టెను. గాయ్ తెలిసి విడిచెను. మనవారు తెలియకయే విడిచిరి. ఆ దేశములోని విమర్శకులు ఆ లాభనష్టములను బేరీజు వేయుచునే యున్నారు. మనము లాభమును మాత్రమే సభలలో చదువుచున్నాము.

ఇంతవరకు చదివినవారు నవ్వుకొనుచుందురని మేమెఱుగుదుము. వ్యావహారిక పితామహుని గూర్చి ఈ గ్రాంథికమేమని అడుగుదురు. బరంపురమున మా బడిచదువు ఒడియాలో సాగినది. తెలుగక్షరములను ఇంటివద్ద ఒక వృద్ధ గురువుగారు సాయంకాలములందు నేర్పిరి. వారి పెట్టెలోనున్న పుస్తకములన్నియు ఈ భాషలోనివే. ఇంట ఆడునది మన గంజాము తెలుగు, కార్యాలయమున వ్రాసినది ఒడియా, కాగితముపై తెలుగు వ్రాయవలసి వచ్చినచో ఇది. మధ్యకోస్తావారి వ్యావహారికము మాకు గ్రాంథికముకంటె కొత్త. పంతులుగారి ఉద్యమము గెలిచినది నిజమే. అది మా వీధివఱకు రాకముందే 1936 వచ్చినది.

ఆ సంవత్సరము ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి, పర్లాకిమిడి అందు చేరినది. దానిని పంతులుగారు గట్టిగా ప్రతిఘటించియుండిరి. ఫలింపలేదు. ఆ దినముననే, డెబ్బదిమూడవ యేట, ఐదున్నర దశాబ్దములుగా కాపురమున్న పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చినది. 1940 జనవరి 22న కీర్తిశేషులైరి. ఆ తరలుటను మనవారు ఆత్మాభిమానమునకు దృష్టాంతముగా చెప్పుదురు. మేము కాదనము. అయినను విడిచిపోలేక ఇచ్చటనే మిగిలిన తెలుగు కుటుంబముల సంతతివారము గనుక, ఆ దినమును తలచినపుడు మాకు గర్వముతోపాటు కొంత వెలితియు కలుగును. పంతులుగారు పోయిరి, సవరలు పోలేదు. ఆ 1936లోనే మంగయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు 24 అక్షరములతో సొరంగ్ సొంపెంగ్ అను లిపిని వెలయించెను. ఒక్కొక్క అక్షరమున ఒక్కొక్క దైవము నెలకొన్నదని వారి విశ్వాసము. మన లిపిని గాని, ఒడియా లిపిని గాని వారడుగలేదు. పంతులుగారి బోధకు ఇంతకంటె మంచి ఫలశ్రుతి లేదని మాకు తోచును, వారి పేరు అందు లేకపోయినను.

మా వృత్తిలోని ఒక సంగతి చెప్పెదము. పదవిలోనున్న కాలమున, ఒక కార్యాలయమున, మా మేజావద్దకు ఒక వృద్ధురాలు వచ్చెను. సహాయధనమునకై దరఖాస్తు, వాఙ్మూలము వ్రాసికొనవలసియుండెను. ఆమె తెలుగున చెప్పుచుండగా మేము ఒడియాలో వ్రాయుచుంటిమి. కొడుకులెందరని అడిగితిమి. "ఒక్కడే. ఆడూ పోయినాడు బాబూ" అనెను. కన్నులు కూడ తుడుచుకొనెను. మేము కుమారుడు మృతుడని వ్రాసితిమి. నిబంధన ప్రకారము చదివి వినిపించి, తెలుగున అర్థము చెప్పగా, ఆమె గుండె బాదుకొని, "నానలాగ సెప్పనేదు బాబూ! సూరతు పోయినాడన్నాను!" అని పెద్దపెట్టున ఏడ్చెను. గంజామునుండి సూరతు మగ్గములకు పోవు పిల్లలు వేలకు వేలు. ఆ సంగతి మాకు తెలియనిది గాదు. ఆమె భాషయు మాకు తెలియనిది గాదు, మా అమ్మ భాషయే. ఐనను కలము చేతబట్టి కూర్చున్నపుడు చెవి మూసికొనిపోయినది. బ్రదికియున్న బిడ్డను తల్లి యెదుట కాగితముపై చంపితిమి. కొట్టివేసి తిరుగ వ్రాసితిమి గాని, కొట్టివేతలున్న కాగితమని పైవారు త్రిప్పిపంపగా ఆమె పని మూడు నెలలు వెనుకబడెను. క్వినైనుచే చెవులు పోయిన పంతులుగారు వినగలిగినది, చెవులున్న మేము వినలేకపోయితిమి. వారి సవర వ్యాకరణమును మేము గౌరవించుట ఆనాటినుండియే ఆరంభమైనది.

ప్రాథమికదశలో భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధ జరుపుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనను 350-ఏ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. దానిని చేత పట్టుకొని మనము తెలుగుబడులకై, తెలుగు ఉపాధ్యాయులకై విన్నపములు పంపుచునేయున్నాము. పంపవలసినదే. అయితే అదే అధికరణము సవర పిల్లవానికిని వర్తించునని మన విన్నపములలో ఒకనాడైనను వ్రాసితిమా? మేము ముసాయిదాలు వ్రాసిన కాలమున వ్రాయలేదని ఒప్పుకొనవలసియున్నది. ఒడిశా ప్రభుత్వము 2007 ప్రాంతమున పది గిరిజన భాషలలో మొదటి తరగతుల బోధ ఆరంభించినపుడు సవర అందులో నుండెను. పంతులుగారి బడులకు సుమారొక శతాబ్దము పిమ్మట వచ్చిన ఆ వార్తను మన సభలో ఎవ్వరును చదువలేదు. ఆ యేడును పూలమాల మాత్రము వేసితిమి.

ఈ వ్యాసమును ముగించు చుండగా, ఏడవ తరగతి చదువుచున్న మా మనుమరాలు ప్రక్కన చేరి చూచెను. తెలుగు చక్కగా మాటలాడును, చదువరాదు. మేము చదివి వినిపించితిమి. మూడవ వాక్యముననే ఆపి, "ఇలాగెవరు మాటాడతారు తాతా?" అనెను. ఎవ్వరును మాటలాడరంటిమి. మఱి ఎందుకు వ్రాసినావనెను. ఆ ప్రశ్నకు జవాబీయలేక, పులి మాట చెప్పితిమి: మొదట పట్టుట, నడుమ పులి, కడపట నీవు. అది ఆమెకు నచ్చినది. సాయంకాలమంతయు తమ్ముని వెనుకనుండి మీదికురికి "ఞమ్‌కిడ్‌తమ్" అనుచు ఇల్లంతయు తిరిగెను.